జీపుకి పడవ అడుగు

ఆ జీపు జోసఫ్‌కి ఎలా వచ్చిందో అడవిపొలంలో అందరికీ తెలుసు. ఇరవై రెండేళ్ళ కిందట ఏదో సర్కారు ఆఫీసువాళ్ళు పాత బళ్ళు వేలం వేస్తే, నాలుగు చక్రాలూ లాగే పొడుగు జీపు ఒకటి ఎవరికీ అక్కర్లేక మిగిలిపోయింది. పైన రేకు కప్పు, పక్కల అద్దాలు, వెనక ఒంటి తలుపు. చూడ్డానికి సొగసేమీ లేదు. జోసఫ్ దాని చుట్టూ ఒకసారి తిరిగి, కిందికి దూరి ఇరుసులు చూసి, లేచి చేతులు దులుపుకుని "తీసుకుంటాను" అన్నాడట. ఆ రోజు మొత్తానికి ఆయన నోట వచ్చిన మాట అదొక్కటేనని ఆయన భార్య కృపమ్మ ఇప్పటికీ చెబుతుంది.

జోసఫ్ మాట తక్కువ మనిషి. ఆయన వాటా మాటలు కూడా కృపమ్మే మాట్లాడుతుంది. వాళ్ళది పీతల బేరం. మడ అడవుల కాలవల్లో రాత్రి పట్టిన మండపీతలు తెల్లారేసరికి రేవుకి చేరతాయి. అక్కణ్ణుంచి వీళ్ళు వాటిని కాకినాడ కొట్లకి చేరుస్తారు. రేవుకి పోయే దారి ఏటిగట్టు మీద. ఎండాకాలం పరవాలేదు గాని, నాలుగు చినుకులు పడితే ఆ బంకమట్టిలోకి ఆటో రాదు, టెంపో రాదు. జోసఫ్ జీపొక్కటే వస్తుంది. ఆయన నడుపుతాడు. ఆమె వెనక బుట్టల మధ్య కూర్చుని దారి పొడుగునా గోనెలు తడుపుతూ ఉంటుంది. గోనె ఆరితే పీత చస్తుంది. చచ్చిన పీతని కుక్క కూడా కొనదు. కాకినాడ కొట్లో "ఇది గుల్ల, లోపల కండ లేదు" అని వ్యాపారి పక్కకి తోసేసిన పీతని మళ్ళీ తీసి, పొట్ట మీద బొటనవేలు నొక్కి చూపించి, "ఇది గుల్లయితే మరి నీ బుర్రేటి?" అని అడగ్గలిగింది కృపమ్మే. జోసఫ్ అయితే అలాగే చూస్తూ నిలబడతాడు.

ముందు కూర్చున్న మొగుడికీ వెనక కూర్చున్న పెళ్ళానికీ మధ్య ఒక రేకుగోడ. ఇంజను రొదలో ఇటు మాట అటు వినపడదు. అందుకని మొదటి రోజే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. గోడ మీద రెండు దెబ్బలు కొడితే పోనిమ్మని. ఒక దెబ్బ కొడితే ఆపమని. ఇరవై రెండేళ్ళు బండి ఆ దెబ్బల మీదే నడిచింది.

ఆ ఇరవై రెండేళ్ళూ గోనెల్లోంచి కారిన ఉప్పునీరు ఊరికే పోలేదు. వెనక అడుగురేకుని కింది వైపు నుంచి మెల్లగా తినుకుంటూ వచ్చింది. పైన రంగు ఉంది, కింద ఇనుము లేదు.

పోయిన నవంబరులో ఒక తెల్లవారుజామున ఏటిగట్టు మీద ముసురు. నాలుగు చక్రాల గేరులో బండి ఆపసోపాలు పడుతూ పోతోంది. వెనక నుంచి ఒక దెబ్బ వినపడింది. జోసఫ్ విన్నాడు. చక్రాలు అప్పటికే సగానికి మట్టిలో ఉన్నాయి. అక్కడ ఆపితే బండి పొట్టదాకా దిగబడిపోతుంది. పది గజాల ముందు కంకర పోసిన నేల కనపడుతోంది. బుట్టేదో జారి ఉంటుందిలే అనుకున్నాడు. ఆ పది గజాలూ పోనిచ్చి అప్పుడు ఆపాడు. దిగొచ్చి వెనక తలుపు తీసేసరికి, రేకులో చిల్లు, చిల్లులో మోకాలిదాకా దిగిపోయిన కృపమ్మ కుడికాలు.

పదకొండు కుట్లు పడ్డాయి. ఎముకకేమీ కాలేదు. నెలకల్లా మానింది, రెండో నెలకి మామూలుగా నడిచింది. బండి మాత్రం ఎక్కలేదు. ఎక్కనని అనలేదు. జోసఫ్ చిల్లు మీద ప్లైవుడ్డు ముక్క పరిచి బయల్దేరేవేళకి ఆమె ఏదో పని పెట్టుకునేది. చర్చి ఊడవాలనో, ఫరంపేటలో చెల్లెలికి బాగోలేదనో. ఆయన ఒక్కడే పోయేవాడు. బుట్టలు ఎక్కించుకుని, సీట్లో కూర్చుని, తాళం తిప్పి, అలాగే కూర్చుండిపోయేవాడు. ఎందుకు కూర్చున్నాడో కాసేపటికి గాని తెలిసేది కాదు. దెబ్బల కోసం కూర్చున్నాడు.

జనవరిలో జీపుని పెరట్లో కొబ్బరిచెట్టు పక్కన నిలిపేశాడు.

కృపమ్మ ఆ రోజు గురించి పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండేదని జోసఫ్‌కి ఉంది. అనదు. కాని ఆమె మాట తీరు మారింది. ఇదివరకు దగ్గరికొచ్చి మెల్లగా చెప్పేది. ఇప్పుడు పక్కనే నిలబడి కూడా ఏటి అవతలున్నవాడిని కేకేసినట్టు "అన్నం పెట్టాను!" అంటుంది. ఆయన అటు తిరిగి కూర్చుంటే వెనక గిన్నె ధడాలున పడేస్తుంది. రెండు రోజులకోసారి ఏదో ఒకటి పడుతుంది. ఒకసారి ఇత్తడి బిందె. జోసఫ్ వెనక్కి తిరిగేవాడు కాదు. కోపం ఉన్న మనిషి గిన్నెలు పడేస్తుంది, పడెయ్యనీ, ఆపాటి హక్కు ఆవిడకి ఉంది, అనుకుని తల వంచుకుని కూర్చునేవాడు.

బండిని బాగుచెయ్యాలి. అది ముందే తేలిపోయింది. ఎలా బాగుచెయ్యాలన్న దగ్గరే ఊళ్ళో తలో మాటా అయింది.

కొడుకు బెన్నీ టైల్స్ ఫ్యాక్టరీలో సూపర్వైజరు. ఆదివారం ఆరాధన అయ్యాక తండ్రి పక్కన కుర్చీ వేసుకుని ఫోన్లో వీడియోలు చూపించాడు. కొండల్లో, ఇసకలో, వాగుల్లో జీపులు పరిగెడుతున్నాయి.

"చూశావా నాన్నా, నాలుగంగుళాలు లేపించేద్దాం. టైర్లు ఇవి, ఇంత వెడల్పు. పక్కనించి ఈ గొట్టం పైకి పెట్టిస్తే పీకల్లోతు నీళ్ళలో కూడా ఇంజను ఆగదు. పైన లైట్ల బార్. మొత్తం నలుపు, మ్యాట్ ఫినిషింగ్. యానాంలో ఇంకోటి ఉండదు."

జోసఫ్ చూశాడు. "ఇంకో నాలుగంగుళాలు లేస్తే మీ అమ్మ ఎలా ఎక్కుద్ది?" అన్నాడు.

"అమ్మ ఇప్పుడెక్కడెక్కుతోంది నాన్నా?" అనేశాడు బెన్నీ. అన్నాక నాలుక కరుచుకున్నాడు. అప్పటికే లోపల గిన్నె ఒకటి పడింది. తండ్రి తిరగలేదు.

అగ్రహారం దాటాక రోడ్డు పక్కన రాజేష్ షెడ్డు. ఆ జీపుకి పదేళ్ళుగా అతనే వైద్యుడు. బండి కింద పడుకుని టార్చి వేసి చూసి బయటికొచ్చాడు.

"బాబాయ్, నిజం చెప్పమంటావా, అబద్ధం చెప్పమంటావా?"

జోసఫ్ బండికేసి చూశాడు.

"నిజమే చెప్తాను. ఇంజను బంగారం. గేర్లు వెండి. బాడీ మాత్రం అప్పడం. కొత్త రేకు వెల్డింగు చేసి ఇచ్చేత్తాను, నాలుగేళ్ళు తిరక్కుండా మళ్ళీ ఇంతే. నీ పీతల నీళ్ళకి ఇనుం ఆగదు. అసలు నన్నడిగితే ముందు చక్రాల లాగుడు తీసేసి మామూలు బండి చేసేద్దాం. డీజిలు కలిసొత్తాది."

"తీసేత్తే వానలో గట్టెక్కుద్దా?"

"ఎక్కదు."

"మరింకేం."

"పోనీ అమ్మేసి చిన్న టెంపో తీసుకో బాబాయ్. హైదరాబాదు కుర్రాళ్ళు ఇలాంటి జీపులంటే పడి చస్తున్నారు. రంగేసుకుని ఫొటోలు దిగుతారు."

జోసఫ్ బండి బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. రాజేష్‌కి ఆయన సంగతి తెలుసు గనక ఇంక అమ్మకం మాట ఎత్తలేదు.

నిజానికి జోసఫ్‌కి ఇంజనూ పట్టలేదు, ఎత్తూ పట్టలేదు, రంగూ పట్టలేదు. ఏం చేస్తే కృపమ్మ ఆ వెనక తలుపులోంచి లోపలికి కాలు పెడుతుంది? ఆయన బుర్రలో తిరుగుతున్న ప్రశ్న అదొక్కటే. ఆమెనే అడగొచ్చు. అడిగితే ఆ పది గజాల సంగతి వస్తుంది. వస్తే ఏం చెప్పాలి? వినపడింది గాని ఆపలేదు అని చెప్పాలి. ఆ మాట మూడు నెలలుగా గొంతులో చేపముల్లులా ఉంది. మింగుడుపడదు, బయటికి రాదు.

అడగలేని మనిషి గనక చూడ్డం మొదలుపెట్టాడు. చూడ్డంలో మాత్రం ఆయన్ని మించినవాడు లేడు.

చర్చి ముందు కాలవ మీద ఇనప రేకు మూత ఒకటుంది. జనమంతా దాని మీదనుంచే నడుస్తారు. కృపమ్మ దాని దగ్గరికొచ్చేసరికి చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని పక్కనుంచి దాటింది. సాయిలక్ష్మి కిరాణాకొట్టు ముందు మెట్టు మీద ఇనప పలక. దాని మీదా కాలు పెట్టలేదు. కిందనే నిలబడి, "పావుకేజీ పంచదార ఇలా అందించవే" అంది. అదే మనిషి మర్నాడు రేవుకి నడిచి వెళ్ళి, ఒడ్డుకీ పడవకీ మధ్య వేసిన జానెడు వెడల్పు చెక్క మీద, అటూ ఇటూ ఊగుతున్నదాని మీద, నెత్తిన బుట్టతో, కిందికి చూడకుండా నడిచిపోయింది. అక్కణ్ణుంచే ఎవరినో తిడుతోంది కూడా.

జోసఫ్ గట్టు మీద నిలబడి అదంతా చూశాడు. పడవల్లో పుట్టి పెరిగిన పిల్ల. దాని కాలికి చెక్క మీద నమ్మకం, ఇనుం మీద లేదు. అంతే గదా అనుకున్నాడు. ఆ మధ్యాహ్నమే లక్ష్మణరావు మేస్త్రి దగ్గరికి వెళ్ళాడు.

లక్ష్మణరావుకి డెబ్భై దగ్గర పడుతున్నాయి. ఏటి ఒడ్డున తాటాకు పాక, పాక ముందు ఎప్పుడూ సగం కట్టిన పడవ ఒకటి. టేపు వాడడు. ముడులు వేసిన తాడు ఒకటి మెళ్ళో వేసుకు తిరుగుతాడు. పడవ పేరు చెప్పి ఆయన దగ్గరికి ఎవరైనా వస్తారు గాని, జీపు తోలుకుని వచ్చినవాడు జోసఫే.

"ఏటిది జోసఫూ, దీన్ని ఏట్లో దింపుతావా ఏటి?"

"అడుగు వెయ్యాలి మేస్త్రిగారూ. చెక్కతో."

మేస్త్రి వెనక తలుపు తీసి, కుళ్ళిన రేకుని కాలిబొటనవేలితో పొడిచి చూశాడు. పెచ్చు రాలింది. ఆయన ముఖంలో ఒక రకమైన తృప్తి కనపడింది.

"ఇనుం పనివాళ్ళకి నీళ్ళ సంగతేం తెలుసు?" అన్నాడు. "ఉప్పునీళ్ళంటే నా దగ్గరికి రావాలి. ఎన్నాళ్ళు ఆగాలంటావు?"

"నేనుండగా పోకూడదు."

"నువ్వు పోయినా పోదు. సరేనా?"

పని తొమ్మిది రోజులు పట్టింది. రాజేష్ షెడ్డులో పాత అడుగురేకంతా కోయించేసి, కింద చట్రానికి తుప్పు గీకించి తారు రంగు వేయించారు. మేస్త్రి ముదురు మద్ది పలకలు తీసి, ఒక్కో పలకనీ పక్కదాని మీద ఆనించి, వెలుతురు కనపడకుండా చిత్రిక పట్టాడు. సందుల్లో నీళ్ళు దూరకుండా దూది పేనిన పేటు కూరి మొద్దు ఉలితో దిగ్గొట్టాడు. మీద గుగ్గిలం, నూనె కలిపి మరిగించి పోశాడు. పాకంతా, గట్టంతా ఆ వాసనే. పక్క రేకుకి తడి తగలకూడదని పలకల్ని నాలుగు వైపులా జానెడెత్తు లేపాడు. వెనక తలుపు దగ్గర కూడా గడపలా ఒక అడ్డపలక నిలిపాడు. మూల మూలకీ ఒంపు తిరిగిన చెక్క బిగించాడు. చూస్తుంటే చిన్న పడవని తీసుకొచ్చి జీపులో కూర్చోబెట్టినట్టుంది.

రాజేష్ రోజూ సాయంత్రం మోటారుసైకిలు మీద అటుగా వచ్చి, దిగకుండా ఒక మాట వేసి పోయేవాడు.

"బాబాయ్, తెరచాప ఎప్పుడు కడుతున్నారు?"

ఇంకో రోజు, "స్టీరింగు తీసేసి తెడ్డు ఇచ్చెయ్యండి మేస్త్రిగారూ, సరిపోద్ది."

"నీ వెల్డింగు తాత చచ్చినా ఇలాంటి అతుకు వెయ్యలేడు, పోరా" అనేవాడు మేస్త్రి, తలెత్తకుండానే.

బెన్నీ మాత్రం ఊరుకోలేదు. లైట్ల బార్ తెప్పించనే తెప్పించాడు. జోసఫ్ దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు చూసి, పైన కాదు, లోపల వెనక కప్పుకి బిగించమన్నాడు. తెల్లారకముందు బుట్టల్లో పీతలు చూసుకోవడానికి మీ అమ్మకి వెలుతురుంటుంది అన్నాడు. బెన్నీ వెళ్ళి స్క్రూలు తెచ్చాడు.

కృపమ్మకి ఎవరూ ఏమీ చెప్పలేదు. బండి మేస్త్రి పాక దగ్గరుందని ఆమెకి తెలుసు. ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నానికి పని అయింది. పడవ కట్టేవాళ్ళకి ఒక పద్ధతుంది. పడవని ఏట్లో దింపేముందు దాని లోపల నీళ్ళు పోస్తారు. బయటికి ఎక్కడైనా చెమ్మ వస్తే ఆ సందులో పేటు సరిగ్గా పడలేదని. మేస్త్రి యాభై ఏళ్ళుగా అలాగే చేస్తున్నాడు. ఇప్పుడూ అదే చేశాడు. జోసఫ్ ఏట్లోంచి బిందెలు తెచ్చాడు, మేస్త్రి పోశాడు. పద్నాలుగు బిందెలు పట్టాయి. నాలుగువేళ్ళ లోతున నీళ్ళు నిలిచాయి. ఇద్దరూ బండి కింద తలలు పెట్టి చూశారు. అరగంట గడిచింది. చుక్క రాలలేదు.

మేస్త్రి పైకి లేచి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "చూశావా జోసఫూ? పని అంటే ఇదీ."

జోసఫ్ తల ఊపాడు. చాలా బాగుంది. ఎండ పడి లోపల నీళ్ళు మిలమిలా మెరుస్తున్నాయి. చూస్తూ చూస్తూ ఉండగా ఆయన ముఖం నెమ్మదిగా మారింది.

ఆ రోజు సాయంత్రందాకా ఆగకుండా సరిగ్గా అప్పుడే రాజేష్ వచ్చాడు. ఈసారి మోటారుసైకిలు దిగాడు. జీపు లోపలికి తొంగిచూశాడు. కిందికి వంగి చూశాడు. మళ్ళీ లోపలికి చూశాడు.

"మేస్త్రిగారూ," అన్నాడు, "నీళ్ళు బయటికెలా పోతాయండి?"

మేస్త్రి జోసఫ్‌ని చూశాడు, జోసఫ్ నీళ్ళని చూశాడు.

"అంటే, రోజూ గోనెలు తడుపుతారు కదా. ఆ నీళ్ళు. బ్రేకేసినప్పుడల్లా ముందుకొచ్చి, గేరేసినప్పుడల్లా వెనక్కెళ్ళి... బాబాయ్, కాకినాడ చేరేలోపు నీ పీతలు ఈత నేర్చేసుకుంటాయి!"

అని గట్టు మీదే కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. అటుగా పోతున్న నలుగురు ఆగారు. వాళ్ళకీ సంగతి తెలిసింది. వాళ్ళూ నవ్వారు. జోసఫ్ బండి తేలుతుందట అన్న మాట క్షణంలో రేవుదాకా పోయింది.

"నవ్వడం కాదు, కింద ఒక కన్నం పెడితే పోయె" అన్నాడు రాజేష్ కళ్ళు తుడుచుకుంటూ. "డ్రిల్లు తెస్తానుండు."

"కన్నమా?" మేస్త్రి గొంతు మారిపోయింది. "నేను వేసిన అడుగుకి కన్నమా? ఒరేయ్, యాభై ఏళ్ళలో ఈ చేత్తో ఎన్ని కన్నాలు మూశానో తెలుసా నీకు? పెట్టింది ఒక్కటీ లేదు. ప్రాణం ఉండగా పెట్టను."

"మరి నీళ్ళు?"

"నీళ్ళు ఉంటాయి. పడవన్నాక నీళ్ళుంటాయి."

"అది పడవ కాదండి, జీపు!"

ఇద్దరూ అలా అరుచుకుంటుండగా కృపమ్మ అన్నం క్యారేజీ పట్టుకుని గట్టు మీదుగా వచ్చింది. మేస్త్రికి కూడా కలిపి రోజూ మధ్యాహ్నం అన్నం పంపడం ఆమె పనే. రోజూ పక్కింటివాళ్ళ చేత పంపేది, ఆ రోజు ఎవరూ దొరక్క తనే వచ్చింది. గుంపు చూసింది. బండి చూసింది. తెరిచి ఉన్న తలుపులోంచి, నాలుగువేళ్ళ లోతు నీళ్ళతో మెరుస్తున్న చెక్క అడుగు చూసింది.

"ఏటర్రా ఇది, లోపల నీళ్ళు పెట్టుకుని అలా చూస్తారేటి? చెక్క నానిపోదూ!" అంది.

క్యారేజీ కింద పెట్టింది. పక్కనున్న పడవలోంచి నీళ్ళు తోడే చిప్ప ఒకటి లాక్కుంది. చీర మోకాళ్ళ పైకి దోపుకుంది. వెనక తలుపు దగ్గర చెయ్యి ఆనించి, ఎడంకాలు, తర్వాత కుడికాలు గడప దాటించి లోపల గొంతుక్కూర్చుంది. తోడ్డం మొదలుపెట్టింది. చిప్ప నింపి, చూడకుండానే భుజం మీదుగా బయటికి విసిరేస్తోంది. ఏడేళ్ళ వయసులో తండ్రి పడవలో కూర్చుని తోడిన తీరే అది. చేతికి వచ్చు, మనిషిని అడగదు.

రాజేష్ మీద ఒక చిప్పెడు నీళ్ళు పడ్డాయి. అతను అరవలేదు. మేస్త్రీ అరవడం మానేశాడు. జోసఫ్ ఆమె కాళ్ళకేసి చూస్తున్నాడు. కుడి పిక్క మీద కుట్ల గీత తడిసి మెరుస్తోంది. ఆ పాదం కింద నీళ్ళు, నీళ్ళ కింద మద్దిపలక.

మేస్త్రి చూశాడు, గ్రహించాడు. రాజేష్ భుజం మీద చెయ్యి వేసి, "రా, చెయ్యి కడుక్కుందాం" అని సగం కట్టిన పడవ నీడలోకి తీసుకుపోయాడు. వేడుక చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా మెల్లగా కదిలారు.

పది పన్నెండు చిప్పలు తోడాక కృపమ్మకి తెలిసింది తనెక్కడుందో. చెయ్యి ఆగింది. చుట్టూ చూసుకుంది. రేకుగోడ మీద పాత సొట్టలు అలాగే ఉన్నాయి, తను రోజూ కొట్టే చోట రంగు పోయి. దాన్ని చూసి, మొగుడి వైపు చూసింది.

జోసఫ్‌కి గొంతులో ముల్లు కదిలింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేడు.

"ఆ రోజు," అన్నాడు, "నాకు వినపడింది."

"ఏటి?"

"నువ్వు కొట్టిన దెబ్బ. వినపడింది. బుట్ట జారిందనుకున్నాను. మట్టిలో ఆపితే దిగబడిపోతాం, కంకర మీద ఆపుదామని పది గజాలు పోనిచ్చాను."

మూడు నెలల్లో ఆయన ఒక్క బిగిని ఇన్ని మాటలు ఆడలేదు. ఆడి, ఏం పడితే అది పడనీ అన్నట్టు నిలబడ్డాడు.

కృపమ్మ చిప్ప ఒళ్ళో పెట్టుకుని కళ్ళప్పగించి చూసింది. "వినపడిందా?"

"ఊఁ."

"నిజంగా వినపడిందా?"

"వినపడింది. ఆపలేదు. తప్పే."

"తప్పు తగలెయ్యా!" అంది కృపమ్మ. "నీకు చెవులు పోయాయనుకున్నాను గదయ్యా! కొట్టిన దెబ్బ వినపళ్ళేదు, వెనక మనిషి చచ్చినా వీడికి తెలీదు, ఇంకేం నమ్మి కూర్చోను అనుకున్నాను. డాక్టరు దగ్గరికి పోదామంటే ఏమనుకుంటావోనని మూడు నెలల్నించి నాలో నేను చస్తున్నాను. గిన్నెలు పడేసి చూశాను. బిందె పడేసి చూశాను. ఉలకవు, పలకవు!"

"కోపం అనుకున్నాను."

"కోపం వస్తే బిందె నేల మీద పడేత్తానా, నీ నెత్తి మీద పడేత్తాను గాని!"

జోసఫ్‌కి నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో ఆయనకే తెలియలేదు. టైరు మీద చెయ్యి ఆనించి కూర్చుండిపోయాడు.

కృపమ్మ ఇంకో రెండు చిప్పలు తోడింది. ఆమె చెయ్యి ఆడుతున్నప్పుడే బుర్రా ఆడుతుంది.

"అక్కడే ఆపుంటే పొట్టదాకా దిగేది కదా బండి?" అంది.

"దిగేది."

"నా కాలు బండి కిందేలాడుతోంది కదా?"

జోసఫ్ ఆమె కాలికేసి చూశాడు. ఆ సంగతి ఆయనకి ఇప్పటిదాకా తట్టలేదు. అక్కడే ఆపుంటే ఆ కాలు బండి కింద నలిగేది.

"స్తోత్రం ప్రభువా" అంది కృపమ్మ. చిప్పతో ఆయన భుజం మీద ఒకటి తగిలించింది. "లే. అన్నాలు చల్లారిపోతన్నాయి."

అన్నాలు తిన్నాక కన్నం సంగతి తేలాలి. తేల్చింది కృపమ్మే.

"మేస్త్రిగారూ, పడవకైతే నీళ్ళు లోపలికి రాకూడదు. ఇందులో కూర్చునేదాన్ని నేను. నా కాళ్ళకింద నీళ్ళు బయటికి పోవాలి. నేను చూపించిన చోట పెట్టండి. ఇదిగో, ఈ మూల, పల్లంగా ఉంది."

మేస్త్రి బరమా చేతిలోకి తీసుకున్నాడు. మొన ఆనించాడు. తిప్పలేకపోయాడు. ఇంకోసారి చూశాడు. ఆఖరికి బరమా రాజేష్ చేతిలో పెట్టి, "నువ్వే కానియ్యి. ఇలాంటివి నీకు అలవాటే" అని ఏటి వైపు తిరిగి నిలబడ్డాడు. చెక్క గుల్లవుతున్న చప్పుడు ఆగేదాకా ఇటు తిరగలేదు. తిరిగాక, ఎవరూ అడక్కుండానే మద్దిముక్క ఒకటి తీసి, ఆ కన్నానికి సరిపోయేలా బిరడా చెక్కడం మొదలుపెట్టాడు.

"బిరడా ఎందుకండి మళ్ళీ?" అన్నాడు రాజేష్.

"వరదొస్తే మూసుకోడానికి" అన్నాడు మేస్త్రి. "అప్పుడు తెలుస్తాది నీకు, ఇది జీపో పడవో."

బిరడాకి చిన్న తాడు కట్టి, పోకుండా పక్క పలకకి మేకు కొట్టి వేలాడదీశాడు.

ఎండ వాలుతుండగా ఇంటికి బయల్దేరారు. మట్టి ఎండి గట్టిపడి ఉంది, నాలుగు చక్రాల గేరు అక్కర్లేదు. జోసఫ్ సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. ఆయన కదలలేదు. వెనక తలుపు మూసిన చప్పుడైంది. చెక్క మీద మనిషి సర్దుకుని కూర్చున్న అలికిడి. తర్వాత గోడ మీద రెండు దెబ్బలు.

బండి కదిలింది. ఏటిగట్టు మీద నవంబరు నాటి చోటు దగ్గరికొచ్చింది. అప్పటి చక్రాల గాళ్ళు ఎండి రాయిలా ఉన్నాయి. గోడ మీద ఒక దెబ్బ పడింది.

జోసఫ్ ఉన్నపళంగా బ్రేకు తొక్కాడు. తల బయటికి పెట్టి అరిచాడు. "ఏటైంది?"

"ఏం కాలేదు" అని లోపల్నించి కేకేసింది కృపమ్మ. "ఆపుతావో లేదో చూశాను."

జోసఫ్ తల లోపలికి తీసుకున్నాడు. రెండు దెబ్బలు పడ్డాయి. ఆయన గేరు వెయ్యలేదు. మళ్ళీ రెండు పడ్డాయి, ఈసారి గట్టిగా.

"ఏవయ్యో! పోనిమ్మంటంటే!" పక్క అద్దంలోంచి కృపమ్మ కేక.

"వినపడింది" అన్నాడు జోసఫ్. తనలో తను నవ్వుకుంటూ, ఇంకోసారి కొడుతుందేమోనని మరో నిమిషం ఆగి, అప్పుడు బండి పోనిచ్చాడు.